రెండు గీతలు వెనక్కి

కెనడాలో సార్నియా ఊరు దాటాక సోయాబీన్ పొలాల మధ్య ఒక షూటింగ్ క్లబ్ ఉంది. అక్కడ సుధామయిని పేరు పెట్టి అడిగేవాళ్ళు తక్కువ. "టాబ్లెట్ ఎక్కడుంది?" అంటారు. టాబ్లెట్ ఉన్నచోట ఆమె ఉంటుంది. మెడలోంచి వేలాడే నల్ల పట్టీ, దానికి తగిలించిన తెర, చెవులకు ఎర్రటి మఫ్‌లు, వాన పడితే తెర మీద వంటింట్లోంచి తెచ్చిన జిప్ కవరు. ఆ క్లబ్‌లో జరిగే పోటీలన్నిట్లో స్కోరు నొక్కేది ఆమే. ఆమె మాత్రం ఇంతవరకు ఒక్కసారి కూడా పిస్టల్ పేల్చలేదు.

ఆ పోటీ ఒకచోట నిలబడి గురి చూసేది కాదు. చెక్క చట్రాలకు వల బిగించి గోడల్లా నిలబెడతారు. వాటి మధ్య పరుగెత్తుతూ, ఆగుతూ, వంగుతూ, గురిగా కనిపించిన ప్రతి అట్టకూ రెండేసి గుళ్ళు పెట్టాలి. అలాంటి ఒక్కో ఏర్పాటు ఒక స్టేజీ. అట్ట మీద గళ్ళుంటాయి గానీ దూరానికి ఆ గీతలు కనబడవు. నడిమి గడిలో తగిలితే ఆల్ఫా, దాని పక్కన చార్లీ, అంచున డెల్టా, అసలు తగలకపోతే మైక్. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. తొందరపడితే పాయింట్లు పోతాయి, నెమ్మదిస్తే సెకన్లు తింటాయి. పేల్చడం అయ్యాక పోటీ నడిపే రేంజ్ ఆఫీసరు ఒక్కో అట్ట దగ్గర ఆగి గట్టిగా చెబుతాడు, వెనకే నడుస్తూ సుధామయి నొక్కుతుంది. చివర్న పేల్చినవాళ్ళు తెర చూసుకుని తమ వేలితో తామే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక వాదన లేదు. సాయంత్రానికి అందరి లెక్కా అందరి ఫోన్లలో ఉంటుంది.

నొక్కడం ఎవరైనా నొక్కుతారు. సుధామయి దగ్గర ఒక అలవాటుంది. తెర చేతికిచ్చే ముందు మొత్తం పైకి చదువుతుంది. మొదటి అట్ట రెండు ఆల్ఫాలు, రెండో అట్ట ఆల్ఫా చార్లీ, టైము ఇంత, అని ఒక్కటి వదలకుండా. ఊళ్ళో మందుల షాపులో ప్రిస్క్రిప్షన్లు కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. అక్కడ అబ్బిన అలవాటే ఇక్కడికీ వచ్చింది. మొదట్లో కుర్రాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఒకసారి ఒకతని స్కోరులో పక్కవాడి టైము పడబోయి ఆ చదవడంలోనే పట్టుబడింది. ఆ తర్వాత ఎవరూ విసుక్కోలేదు.

ఆమెను అక్కడికి తెచ్చింది భర్త కోదండరామ్. తెనాలి మనిషి, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. సార్నియాలో నది ఒడ్డునున్న ఒక కెమికల్ ప్లాంటులో పీడనం, ఉష్ణోగ్రత కొలిచే మీటర్లు సరిచేస్తూ రిటైరయ్యాడు. ఒక్కగానొక్క కూతురు ధాత్రి చదువుకి టొరంటో వెళ్ళిపోయిన ఏడాది ప్లాంటులో స్నేహితుడొకడు క్లబ్‌కి తీసుకెళ్తే ఆయనకది పట్టుకుంది. ఇంట్లో ఉన్నది ఒకటే కారు. ఆదివారం పూట బస్సు కోసం గంట నిలబడే ఊళ్ళో ఒక్కతే కూర్చుని ఏం చెయ్యాలని సుధామయి కూడా వెళ్ళేది. మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ. ఎవరో చేతికి రాసే అట్టా కాగితమూ ఇచ్చి స్కోరు రాయమన్నారు. తర్వాత కాగితం పోయి టాబ్లెట్ వచ్చింది. పాతవాళ్ళు దాన్ని చూసి వెనక్కి జరిగారు. ఆమె జరగలేదు.

భర్తకైనా పరాయివాడికైనా ఆమె చదవడం ఒక్కలాగే ఉండేది. ఒకసారి గీత పక్కన పడిన గుండు గీతను తాకిందని ఆయన, తాకలేదని ఆఫీసరు. ఆఫీసరు మాట ప్రకారం ఆమె చార్లీ నొక్కి చదివేసింది. టొరంటో దగ్గరి మిల్టన్ నుంచి పోటీలకొచ్చే శ్రీహర్ష అప్పుడు పక్కనే ఉన్నాడు. హైదరాబాదు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"ఆంటీ, ఇంట్లో కూర బాగలేదంటే కూడా అంకుల్‌కి ఇట్లనే చార్లీ వేస్తారా?"

"కూర సంగతి నాకొదిలేసి నువ్వు నీ మైకులు లెక్కపెట్టుకో," అంది సుధామయి.

శ్రీహర్ష లాంటివాళ్ళు ప్రతి సీజనుకీ ఏదో ఒకటి మార్చేవాళ్ళు. కొత్త ట్రిగ్గరు, నడుముకు తగిలించే కొత్త హోల్‌స్టరు, పిస్టల్ పైన ఎర్ర చుక్క చూపించే అద్దం. కోదండరామ్ ఏమీ మార్చలేదు. పెద్దగా మార్పులు ఒప్పుకోని విభాగం ఎంచుకుని, ప్లాస్టిక్ పిడి ఉన్న తేలికపాటి పిస్టల్ ఒకటి కొని, దాంతోనే ఏళ్ళు గడిపాడు. ఎర్ర చుక్క సంగతి ఎత్తితే, చుక్క చూసి పేల్చడానికి నేనెందుకోయ్, నీ చుక్కే పేల్చుకుంటుందిగా, అనేవాడు. హ్యాండ్‌గన్‌ల అమ్మకం ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించిన ఏడాది షాపుల ముందు క్యూలు కట్టారు. సుధామయే చెప్పింది, వయసు మీద పడుతోంది, కాస్త బరువైన ఉక్కు పిస్టల్ ఒకటి తీసి పెట్టుకోండి, పేల్చినప్పుడు వెనక్కి తన్ను తక్కువగా ఉంటుందట అని. ఆయన వినలేదు. ఒక చేతికి ఒకటి చాలన్నాడు. ఆ అక్టోబరుతో కొనడం, అమ్మడం, ఒకరి పేరు నుంచి ఒకరి పేరుకు మార్చడం అన్నీ ఆగిపోయాయి.

మరుసటి ఏడాది నడుము నొప్పితో మొదలై, రక్తపరీక్షలు దాటి, లండన్ ఆసుపత్రిలో తేలింది. ఎముక మజ్జలో క్యాన్సర్. ఇంగ్లండులోది కాదు, సార్నియాకి గంట దూరంలో ఉండే ఒంటారియో లండన్. మందు పనిచేసింది. పనిచేస్తూనే వేళ్ళ చివర్లు మొద్దుబారేలా చేసింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయన అద్దం ముందు చాలాసేపు నిలబడేవాడు. సుధామయి సాయానికి వెళితే కోపం. వెళ్ళకపోయినా కోపమే.

ఆ సెప్టెంబరులో రాష్ట్రస్థాయి పోటీకి పేరిచ్చాడు. రెండు రోజుల పోటీలో మొదటి రోజు సగంలో భుజం పట్టేసి, నిలబడలేక కూర్చుండిపోయాడు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు. పేల్చిన స్టేజీలకు అంకెలు, పేల్చని స్టేజీలకు సున్నాలు వేసి స్కోరు యాప్ ఆయన ఫలితం పెట్టేసింది. ఆ తర్వాత మందెక్కించే కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఆయన ఫోన్లో ఆ పేజీయే తెరిచి చూసేవాడు. ఒకరోజు పక్కన కూర్చున్న సుధామయికి చూపించాడు.

"ఈ సున్నాలు చూడలేకపోతున్నా సుధా. ఆఖరివాణ్ణి అయినా ఫర్వాలేదు. ఒక్క పోటీ చివరిదాకా ఆడి, నా పేరు పక్కన ఒక నంబరుండాలి. అది చాలు."

ఆయన అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఇది కావాలని దేన్నీ అడగలేదు. అందుకే ఆ మాట ఆమెకు అంటుకుపోయింది. వచ్చే సెప్టెంబరుకి ఆయన్ను ఎలాగైనా ఆ నంబరు దాకా తీసుకెళ్ళాలనుకుంది. డాక్టర్ని అడిగితే, బరువులు ఎత్తనంతవరకు, నొప్పి చెప్పినట్టు వినేంతవరకు ఇష్టమొచ్చింది చెయ్యనివ్వండి అన్నాడు. ఎందుకలా అన్నాడో ఆమెకు అర్థమైంది. ధాత్రికి మాత్రం నచ్చలేదు. టొరంటోలోని స్కార్‌బరో నుంచి శనివారాలు డ్రైవ్ చేసుకుని వచ్చినప్పుడల్లా, "నాన్నా, యు షుడ్ బి రెస్టింగ్," అనేది. ఆయన తెలుగులో నవ్వి ఊరుకునేవాడు.

అడ్డంకి పిస్టల్ తన్ను. పేలిన ప్రతిసారీ ఆ తేలిక పిస్టల్ వెనక్కి తన్నేది, ఆ తన్ను మణికట్టు మీదుగా భుజం ఎముకలోకి పోయేది. శ్రీహర్ష తన ఉక్కు పిస్టల్ తెచ్చి, తను పక్కనే ఉంటాను కాబట్టి ఆడొచ్చని ఆయన చేతిలో పెట్టాడు. తన్ను నిజంగానే తక్కువ. కానీ ఆ బరువుకి చెయ్యి నిలవలేదు. నాలుగు గుళ్ళ తర్వాత పిస్టల్ ముక్కు నేలకి దిగింది. ఆయన తిరిగిచ్చేశాడు. ఇక మార్చడానికి మిగిలింది తూటా ఒక్కటే.

తూటాలు ఇంట్లోనే తయారు చేసుకోవడం ఆయనకు మొదట్నుంచీ ఉంది. బేస్‌మెంట్‌లో చెక్కబల్లకు బిగించిన ప్రెస్సు, దాని నెత్తిన తుపాకి మందు పోసే మీటరు. మీటరుకు మర, మర చుట్టూ గీతలూ అంకెలూ. ఏ గీత దగ్గర ఎంత మందు పడుతుందో తూచి, ఆ గీత దాటకుండా, వెనక్కి రాకుండా ఏళ్ళ తరబడి అదే కొలత. దానికో కారణముంది. తూటా మరీ మెత్తగా ఉండకూడదని పోటీలో నియమం. గుండు బరువునూ వేగాన్నీ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె నూట ఇరవై ఐదుకు తగ్గకూడదు. పోటీలో ఎవరి తూటాలైనా తీసుకుని క్రోనో అనే వేగం కొలిచే పెట్టె మీదుగా పేల్పిస్తారు. తగ్గితే ఆ మనిషి పోటీ మొత్తం సున్నా. ఆయన తూటాలు ఎప్పుడూ నూట ముప్పై దాటి వచ్చేవి. ప్లాంటులో మీటర్లు చూసిన మనిషి కాబట్టి కాస్త జాగా వదలకుండా దేన్నీ బిగించడు.

మొద్దుబారిన వేళ్ళలోంచి తూటా అడుగున అమర్చే గింజల్లాంటి ప్రైమర్లు జారిపోవడం మొదలయ్యాక సుధామయి బల్ల దగ్గర కూర్చుంది. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆమె పిడి లాగేది. వారం పది రోజులకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకరోజు ఆయన మేడ మీద పడుకుని ఉన్నాడు. పొద్దున్నే చొక్కా తొడుగుతుంటే భుజం మీద చెయ్యి పడగానే ఆయన పళ్ళు బిగించడం ఆమె చూసింది. మందు తగ్గితే తన్నూ తగ్గుతుందని మీటరు మరను రెండు గీతలు వెనక్కి తిప్పింది.

చెబితే ఒప్పుకోడు. ఒప్పుకోడని తెలుసు కాబట్టే చెప్పలేదు. అయినా కొలవకుండా వదిలే మనిషి కాదు ఆమె. ఆగస్టులో ఒక మధ్యాహ్నం క్లబ్‌లో క్రోనో పెట్టించింది. ఎండకి కంకర మెరుస్తోంది. తూటాల డబ్బా కారు డిక్కీలోంచి తీస్తే చెయ్యి చురుక్కుమంది. ఆయన పేల్చాడు, ఆమె తెర చూసింది. లెక్క కడితే నూట ఇరవై ఏడు వచ్చింది. నూట ఇరవై ఐదుకు పైనే ఉంది, చాలు.

"ఎంత?" అన్నాడాయన, పిస్టల్ ఖాళీ చేస్తూ.

"పాస్," అంది.

ఆయన సరేనని తలూపాడు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువ గుళ్ళు పేల్చాడు. ఇంటికొచ్చి అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

సెప్టెంబరు చివర్లో పోటీ. ఆ ఏడాది సుధామయికి క్రోనో దగ్గర డ్యూటీ పడింది. అక్కడ ఆఫీసరు డగ్, కరెంటు బోర్డులో రిటైరైన పొడుగాటి మనిషి, కచ్చితమైనవాడు. వేగాలు అతను చెబుతాడు, ఆమె టాబ్లెట్‌లో నొక్కుతుంది. శనివారం కోదండరామ్ సగం స్టేజీలు పేల్చాడు. పరుగు లేదు, నడకే. మిగతావాళ్ళతో పోలిస్తే సెకన్లు బాగా ఎక్కువ. కానీ అట్టల మీద ఆల్ఫాలే. మధ్యాహ్నం శ్రీహర్ష పరుగున వచ్చి, అంకుల్ ఒక్క మైక్ కూడా లేకుండా కొడుతున్నాడు ఆంటీ, అని చెప్పి పోయాడు. ఆ రాత్రి మోటల్ గదిలో ఆయన నొప్పి మాత్ర లేకుండా పడుకున్నాడు.

ఆదివారం పొద్దున లేచేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. కారు అద్దం గీకాల్సి వచ్చింది. తూటాలు రాత్రంతా డిక్కీలోనే ఉన్నాయి. సుధామయి చేతి తొడుగులు వేసుకుని డేరాలోకి వెళ్ళి టాబ్లెట్ ఆన్ చేసింది. చలికి తెర కాసేపు మొరాయించింది. చలికి తూటాలో మందు బలం తగ్గుతుందని ఆమెకు అప్పుడైనా తట్టి ఉండాల్సింది.

ఆయన బృందం క్రోనోకి వచ్చేసరికి ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. డగ్ ఎనిమిది తూటాలు తీసుకుని, ఒకటి విప్పి గుండు తూచాడు. మూడు పేల్చమన్నాడు. ఒక్కోటి పేలుతుంటే అంకె చెబుతున్నాడు, ఆమె నొక్కుతోంది. మూడోది నొక్కగానే యాప్ గడి ఎర్రబడింది. నూట ఇరవై మూడు పాయింట్ ఏదో. డగ్ ఆమె వైపు తిరిగి, "సుధా, ఇది నేను నొక్కుతాలే, నువ్వెళ్ళి కాఫీ తాగు," అని ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు. ఆమె టాబ్లెట్ ఇవ్వలేదు.

నియమం ప్రకారం ఇంకో మూడు పేల్పించారు. మొత్తంలో మంచివి మూడు తీసుకున్నా గీత దాటలేదు. ఇక ఒక్క తూటా మిగిలింది. అది విప్పి గుండు తూచమంటారో, పేలుస్తారో తేల్చుకోవాల్సింది ఆయనే. ఒక్కోసారి గుండు కాస్త బరువు తూగి బతికిపోయినవాళ్ళున్నారు. కోదండరామ్ ఆ తూటాను అరచేతిలో పెట్టుకుని చూశాడు. శ్రీహర్ష నేల చూస్తున్నాడు. ఆయన తల ఎత్తి సుధామయిని చూశాడు. కోపంగా కాదు, అడుగుతున్నట్టూ కాదు. పొద్దున ఏ చొక్కా వేసుకోవాలో అడిగే ముందు చూసినట్టు చూశాడు.

"పేలుద్దాం," అన్నాడు.

పేల్చాడు. డగ్ అంకె చెప్పాడు. ఆమె నొక్కింది. నూట ఇరవై నాలుగు పాయింట్ నాలుగు. డేరాలో అందరూ తెరనే చూస్తున్నారు. ఆమె అలవాటు ప్రకారం మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా పైకి చదివింది. గొంతు మధ్యలో ఎక్కడా ఆగలేదు. చదివి తెర ముందుకు చాపింది. ఆయన వేలితో నొక్కాడు. తెర పట్టించుకోలేదు. మొద్దుబారిన వేలు, పైగా చలి. మళ్ళీ నొక్కాడు. చివరికి వేలి కణుపుతో నొక్కితే తీసుకుంది.

స్కోరు లేకుండా మిగతా స్టేజీలు ఆడుకోవచ్చని డగ్ చెప్పాడు. చాలామంది అలాంటప్పుడు సంచీ సర్దుకుని వెళ్ళిపోతారు. కోదండరామ్, ఆడతాను, అన్నాడు. డగ్ అప్పుడు, క్రోనో దగ్గర తనొక్కడే చూసుకోగలనని, వాళ్ళ బృందంతో టాబ్లెట్ పట్టుకు వెళ్ళమని సుధామయిని పంపించేశాడు.

ఆ రోజంతా ఏం పేల్చినా యాప్ ఆయన పేరు పక్కన సున్నాయే వేస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఏదీ తగ్గించలేదు. ఆఫీసరు ప్రతి అట్ట దగ్గరా ఆగి గట్టిగా చెప్పాడు. ఆమె నొక్కింది. శ్రీహర్ష చిల్లుల మీద కాగితం బిళ్ళలు అంటిస్తూ వెనకే వచ్చాడు. చివరి స్టేజీలో మూడో అట్ట దగ్గర ఆయన చెయ్యి జారి ఒక గుండు మట్టిగట్టులోకి పోయింది. మిగతావన్నీ లోపలే. ఆమె చదివింది, ఆయన కణుపుతో ఒప్పుకున్నాడు.

తిరుగుదారిలో ఆమే కారు నడిపింది. హైవే ఎక్కాక ఆయన అడిగాడు.

"ఎంత తగ్గించావు?"

"రెండు గీతలు."

ఆయన లెక్క వేసుకుంటున్నట్టు కిటికీలోంచి చూశాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మీ భుజం చూడలేక, ఆగస్టులో సరిపోయింది, చలికి వేగం పడిపోతుందని... మధ్యలోనే ఆయన చెయ్యి ఎత్తాడు.

"నాకు ఆగస్టులోనే తెలుసు."

ఆమె ఆయన వైపు తిరగబోయి మళ్ళీ రోడ్డు చూసింది.

"ఇన్నేళ్ళలో నువ్వు ఎవరికైనా ఒక్క అంకె వదలకుండా చదివావు. ఆ రోజు ఎంత అంటే పాస్ అన్నావు. ఇంకేం కావాలి తెలియడానికి? మొదటి గుండుకే చేతికి తెలిసింది కూడా."

"మరి అడగలేదేం?"

"నొప్పి లేదే," అన్నాడు. "బాగుంది సుధా. మళ్ళీ పూర్వంలా ఉంది. అడిగితే ముందుకు తిప్పమనాల్సొచ్చేది," అన్నాడు.

ఒక లారీ దాటుకుని పోయింది. ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి తనలో తాను అనుకుంటున్నట్టు. ప్లాంటులో ఉన్నన్నాళ్ళూ ప్రతి మీటరుకీ చలి లెక్క కట్టినవాణ్ణి, నెగటివ్ ముప్పైలో కూడా నా రీడింగు తప్పలేదు, ఇది తట్టకపోవడమేంటి. సుధామయి లారీ వెనకే బండి నడిపింది. ఏమన్నా అది ఆయన తప్పు తగ్గించడమో తన తప్పు తగ్గించుకోవడమో అవుతుంది.

ఇంటికొచ్చేసరికి ఫలితాలు ఫోన్లోకి వచ్చేశాయి. ఆయన ఫోన్ తెరవలేదు.

జనవరిలో మందు పనిచేయడం మానేసింది. రెండో మందు పెట్టారు, అదీ నిలవలేదు. లండన్ ఆసుపత్రి గదికి పెద్ద కిటికీ, బయట పార్కింగ్ లాట్‌లో గుట్టలుగా మంచు. ధాత్రి సెలవు పెట్టి వచ్చేసింది. ఒక సాయంత్రం ఆమె కిందికి కాఫీకి వెళ్ళినప్పుడు కోదండరామ్ కళ్ళు మూసుకునే, ఆఖరి స్టేజీ చదవమన్నాడు. ఫోన్లో ఆయన పేరు మీద సున్నా తప్ప మరేమీ లేదు. ఏ స్టేజీలో ఎన్ని ఆల్ఫాలో ఎక్కడా మిగల్లేదు. అయినా ఆమెకు గుర్తుంది.

ఆమె మెల్లగా చదివింది. మొదటి అట్ట, రెండు ఆల్ఫాలు. రెండో అట్ట, ఆల్ఫా, చార్లీ. మూడో అట్ట, రెండు ఆల్ఫాలు. నాలుగో అట్ట...

"మూడోది మళ్ళీ చదువు," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

ఆమె కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుంది.

"మూడో అట్ట. ఆల్ఫా, మైక్."

ఆయన తలాడించాడు. ఆమె చివరిదాకా చదివింది. చదవడం అయ్యాక ఆయన చూపుడు వేలు వంచి, ఆ కణుపుతో దుప్పటి మీద ఒక్కసారి నొక్కాడు. నవ్వుదామనే చేశాడు. ఆమె నవ్వింది కూడా. ఫిబ్రవరి రెండోవారంలో పోయాడు.

పిస్టల్ ఇంట్లోనే, బేస్‌మెంట్‌లోని ఇనప పెట్టెలో ఉంది. సుధామయి పేరుకు మార్చుకునే వీలు లేదు. శ్రీహర్షకు లైసెన్సు ఉన్నా అతని పేరుకూ మారదు. అమ్మడానికి లేదు, ఇవ్వడానికి లేదు, ఉంచుకోవడానికీ లేదు. శ్రీహర్ష ఫోన్ చేసి ఎవరెవర్నో కనుక్కున్నాడు గానీ అందరూ పోలీసులకు అప్పగించమనే చెప్పారు. "అమ్మా, జస్ట్ కాల్ దెమ్. ప్లీజ్," అంది ధాత్రి. ఆ వస్తువు ఇంట్లో ఉండటం ఆ పిల్లకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఇప్పుడు తండ్రి వస్తువుల్లో దాన్ని తప్ప దేన్నీ తియ్యనివ్వడం లేదు. సుధామయి పోలీసులకు ఫోన్ చేసింది.

వచ్చిన ఆఫీసరు చిన్నవాడు. బూట్లు గుమ్మంలో విప్పేశాడు. భోజనాల బల్ల మీద పిస్టల్ పెట్టి, ఖాళీగా ఉందో లేదో చూసి, దాని మీది నంబరు తన ఫోన్లోని నంబరుతో సరిచూడాలన్నాడు. సుధామయి కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. అతను సరిపోయిందండీ అన్నా ఆగలేదు. అక్షరాలతో సహా నంబరు మొత్తం పైకి చదివింది. అతను ఆమె చదవడం అయ్యేదాకా పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పిస్టల్‌ను గోధుమ రంగు సంచీలో పెట్టి మూతి మడిచాడు. కరిగించేస్తారట. ఎక్కడ అని ఆమె అడగలేదు.

ఏప్రిల్లో శ్రీహర్ష మిల్టన్ నుంచి వచ్చాడు, ప్రెస్సు పట్టుకెళ్ళడానికి. అది ఎవరైనా తీసుకోవచ్చు, ఇనప పనిముట్టే. బల్లకు బిగించిన బోల్టులు అతను విప్పుతుంటే సుధామయి పక్కన నిలబడింది. మూలన మూడు డబ్బాల తూటాలు మిగిలి ఉన్నాయి. క్రోనో మీద నూట ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయిన తూటాలవి. అవి ఏ పిస్టల్ కోసం చేసినవో ఆ పిస్టల్ ఇప్పుడు లేదు. పోటీలో పనికిరావని శ్రీహర్షకూ తెలుసు. అయినా పట్టుకుపోతానన్నాడు, విప్పి మందు పొలంలో పోసేస్తా ఆంటీ, అన్నాడు. ఆమె తలూపింది.

అతను ప్రెస్సు ఎత్తబోతుండగా, ఆగు, అంది. మీటరు దగ్గరకు వంగి మరను రెండు గీతలు ముందుకు తిప్పింది. గీతకు గీత కలిసిందో లేదో కళ్ళజోడు జరిపి చూసింది.

"ఆంటీ, నా గుండు వేరు, నా లెక్క వేరు," అన్నాడు శ్రీహర్ష. "ఇంటికి పోయినంక ఎట్లాగూ మళ్ళీ తిప్పుకుంటా."

"తిప్పుకో," అంది. "ఇది ఆయన పెట్టుకున్న గీత. ఎక్కడుండేదో చూసుకుని, తర్వాత తిప్పుకో."

శ్రీహర్ష వంగి చూశాడు. అక్కడున్న అంకెను ఆమె వినేలా పైకి చదివాడు. అప్పుడు ఆమె పక్కకు తప్పుకుంది.